అంగారకుని కాలువలు

పున్నమినాటి రాత్రి ఆరుబయట మంచముపై పరుండి చందమామను చూడని బాలుడుండడు. చంద్రబింబమునందలి నల్లని మచ్చలలో మన పూర్వులకు కుందేలు కనబడినది. చంద్రునకు శశాంకుడను పేరు ఆ కుందేటి వలననే వచ్చినది. ఆ మచ్చలలోనే ఐరోపా ఖండమువారికి ఒక మనుష్యుని ముఖము కనబడినది. చంద్రుడొక్కడే, మచ్చలును అవియే. చూచువారు చిన్ననాట వినిన కథలు మాత్రము వేరు. ఒకమారు కుందేటిని చూచిన కన్నులకు మరల వట్టి మచ్చలను చూచుట కష్టము. ‘చెవులెక్కడ?’ అని తమ్ముడడిగినచో అన్న వ్రేలు పెట్టి చూపును. అంతవరకు ఏమియు కనబడని తమ్మునికి కూడ ఆ క్షణము నుండి చెవులు కనబడసాగును.

ఇది పిల్లల వేడుక. దీనివలన ఎవరికిని నష్టము లేదు. కాని ఇట్టి చూపే ఒకప్పుడు పెద్ద పెద్ద దూరదర్శినుల ముందు కూర్చున్న పండితులను పట్టుకొని, దాదాపు 30 సంవత్సరముల కాలము వారిని రెండు పక్షములుగా చీల్చివేసినది. అది ఒకనికి జీవితధ్యేయమాయెను. మరియొకని ఉద్యోగమును పోగొట్టెను. వారిలో అబద్ధమాడినవాడు ఒక్కడును లేడు. ఆ కథ అంగారకగ్రహమునకు సంబంధించినది.

మంగళవారమునకు పేరిచ్చిన గ్రహమే అంగారకుడు. నిప్పుకణికవలె ఎఱ్ఱగా ఉండుటచే ఆ పేరు వచ్చినది. ఆ గ్రహము ఇంచుమించు 26 మాసములకొకమారు భూమికి చేరువగును. 15 లేక 17 సంవత్సరములకొకమారు మిక్కిలి చేరువగును. చేరువయనినను ఆ దూరము అయిదున్నర కోట్ల కిలోమీటర్లకు పైమాటయే. అప్పుడు సయితము దాని బింబము మన కంటికి ఎంతటిదో తెలియవలెనన్నచో, ఒక అంగుళము వెడల్పు గల నాణెమును 700 అడుగుల దూరమున నిలిపి చూడవలెను.

దూరదర్శిని ఆ నాణెమును పెద్దది చేయును. కాని నడుమనున్న గాలి ఊరకుండదు. మండుచున్న పొయ్యికి పైగా అవతలి గోడను చూచినపుడు గోడ వణకుచున్నట్లు తోచును గదా! భూమిని కప్పియున్న వాయువు కూడ అట్లే సదా చలించుచుండును. దూరదర్శిని ఎంత పెద్దదైన, ఆ వణకు కూడ అంత పెద్దదిగా కనబడును. గంటలకొలది కన్నార్పక చూచిన పిమ్మట ఒక్క లిప్తకాలము గాలి నిలుకడగా నిలచును. బింబము తేటపడును. వెంటనే మరల చెదరిపోవును. చూచినవాడు ఆ లిప్తకాలములో కనబడినదానిని జ్ఞాపకముంచుకొని ప్రక్కనున్న కాగితముపై గీయవలెను. 19వ శతాబ్దములో అంగారకుని పటములన్నియు ఇట్లు చేతితో గీయబడినవే. కంటికి కనబడినదానికిని కాగితముపైకి వచ్చినదానికిని నడుమ మనస్సను మధ్యవర్తి ఒకడుండెనని అప్పుడు తలచినవారు తక్కువ.

1877వ సంవత్సరమున అంగారకుడు మిక్కిలి చేరువగా వచ్చెను. ఆ సంవత్సరముననే అమెరికాలో ఆసఫ్ హాల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆ గ్రహమునకు రెండు ఉపగ్రహములు కలవని కనుగొనెను. ఇటలీ దేశమున మిలాన్ నగరమునందు జొవాన్ని షియాపరెల్లి అను వేధశాలాధిపతి గ్రహపటమును క్రొత్తగా గీయ సంకల్పించెను. ఆయన మిక్కిలి ఓపిక గలవాడు. ఆయన గీచిన పటములో ఎఱ్ఱని మైదానములను చీల్చుకొని పోవుచున్న సన్నని గీతలు కలవు. వానికి ఆయన తన మాతృభాషలో ‘కనాలి’ అని పేరు పెట్టెను.

మనము వాగును వాగందుము, కాలువను కాలువ యందుము. వాగును ప్రకృతి కోసినది. కాలువ మనుష్యుడు త్రవ్వినది. ఇటలీ భాషలో ‘కనాలి’ యను మాట రెంటికిని చెల్లును. ఆంగ్లమున ఆ రెంటికి వేరు వేరు మాటలు ఉన్నను, వార్త ఆ భాషలోనికి పోవునప్పుడు త్రవ్విన కాలువ అను అర్థమిచ్చు మాటయే దొరలినది. అప్పటికి ఎనిమిది సంవత్సరములకు పూర్వమే, 1869లో, సూయజ్ కాలువ తెరువబడెను. రెండు సముద్రములను కలిపిన ఆ మహాకార్యము జనుల నోళ్లలో నానుచుండెను. కాలువ అను మాట చెవిని పడగానే త్రవ్వించిన ప్రభువులు, కొలిచిన పనివారు, పలుగు పార కన్నుల ముందు నిలుచుట సహజము. ఆ విధముగ ఒక్క మాట మార్పుతో అంగారకునిపై జనసంచారము మొదలైనది!

షియాపరెల్లి మాత్రము తొందరపడలేదు. ఆ గీతలు ప్రకృతిసిద్ధములు కావచ్చునని తలచినవాడే. కాని పటము అచ్చుపడినది. అచ్చుపడిన పటము అన్న చూపిన కుందేటి చెవుల వంటిది. మొదట కొన్ని సంవత్సరములు మిలాన్ నగరమున తప్ప ఇతరచోట్ల ఆ గీతలు కనబడనేలేదు. 1886లో ఫ్రాన్సు దేశమున నీస్ వేధశాలవారికి కనబడెను. ఆపైన ఒక్కొక్క దేశముననే కనబడసాగెను. ఎచట ఏ గీత కలదో ముందే యెరిగినవాడు, బింబము తేటపడిన ఆ లిప్తకాలములో, ఆ చోటనే చూచును. వెదకినచోటనే వెదకినది దొరకుట విచిత్రము కాదు.

అమెరికాలోని బోస్టన్ నగరమున పర్సివల్ లోవెల్ అను సంపన్నుడుండెను. ఆయన 1855లో జన్మించెను. హార్వర్డ్ విశ్వవిద్యాలయమున గణితము నేర్చెను. జపాను, కొరియా దేశములలో సంచరించి వానిని గూర్చి గ్రంథములు వ్రాసెను. ఆయన తెలివి యందు గాని, కష్టపడు స్వభావమునందు గాని లోపమెంచుటకు వీలులేదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కామీయ్ ఫ్లామరియోన్ అంగారకునిపై వ్రాసిన పెద్ద గ్రంథము చదివిన పిమ్మట ఆయన మనస్సు ఆ గ్రహముపై నిలిచిపోయినది. 1894లో అరిజోనా ప్రాంతమున ఫ్లాగ్‌స్టాఫ్ అను ఊరి చెంత, ఇంచుమించు 7,000 అడుగుల ఎత్తున, సొంత ధనముతో ఒక వేధశాలను నిర్మింపజేసెను. గాలి నిలుకడగా ఉండు స్థలమును వెదకి వేధశాలను అచట కట్టవలెనను ఆలోచన చాల మంచిది. తరువాతివారు పలువురు దానినే అనుసరించిరి.

లోవెల్ రాత్రివెంట రాత్రి అంగారకుని చూచెను. ఆయనకు గీతలు కనబడెను. ఒకటి కాదు, రెండు కాదు, వందలకొలది. అవి వంకర లేక తిన్నగా పోవుచుండెను. గీతలు కలిసికొనుచోట గుండ్రని చుక్కలుండెను. ఇచటి నుండి ఆయన తర్కము మెట్టు మెట్టుగా పైకి పోయెను. ప్రకృతి ఇంత తిన్నని గీతలు గీయదు. కావున ఇవి ఎవరో నిర్మించినవి. అంగారకునిపై నీరు తక్కువ. ధ్రువములచెంత మాత్రము మంచు కలదు. వేసవిలో ఆ మంచు తగ్గుట నిజముగనే కనబడును. కావున అచటి బుద్ధిజీవులు ఎండిపోవుచున్న తమ లోకమును బ్రతికించుకొనుటకు ఆ నీటిని కాలువలద్వారా గ్రహమంతటికిని తెచ్చుకొనుచున్నారు. మనకు కనబడునది నీరు కాదు, కాలువగట్ల వెంట పెరిగిన పచ్చదనము. గ్రహమునంతటిని చుట్టిన కాలువలు కలవనిన, అచట దేశములమధ్య యుద్ధములు లేవు. ఒక్కటే ప్రభుత్వము కలదు!

ఈ తర్కములో ఒక మెట్టునకు తరువాతి మెట్టు చక్కగా అమరినది. మొదటిమెట్టు క్రింద నేల కలదో లేదో మాత్రము ఎవరును చూడలేదు. లోవెల్ వ్రాసిన గ్రంథములు 1895, 1906, 1908 సంవత్సరములలో వెలువడెను. ఆయన ఉపన్యాసములకు జనము విరగబడి వచ్చుచుండిరి. దాహముతో నశించుచున్న ఒక గొప్ప జాతి, మనకు తెలియకనే, ఆకాశమునందు తన చివరి కాలువలను త్రవ్వుకొనుచున్నదన్న మాట వినిన ఎవరి హృదయము కరగదు?

అయితే అదే కాలమున, కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలలో ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ అను శాస్త్రజ్ఞుడు అంగారకుని చూచుచుండెను. ఆయన దూరదర్శిని కటకము వెడల్పు 36 అంగుళములు. లోవెల్ 1896లో తెప్పించిన కటకము 24 అంగుళములది. సూక్ష్మమైన దృష్టికి బర్నార్డ్ పేరు పొందినవాడు. 1894లో ఆయనకు అంగారకునిపై లెక్కలేనన్ని చిన్న చిన్న వివరములు కనబడెను. తిన్నని కాలువలు మాత్రము కనబడలేదు. పెద్ద కటకములో కనబడనిది చిన్నదానిలో ఎట్లు కనబడెను?

లోవెల్ కడ దీనికి సమాధానము సిద్ధముగా ఉండెను. కటకము పెద్దదైనకొలది గాలి వణకు ఎక్కువగా చిక్కును. కావున సన్నని గీతలు చెదరిపోవును. ఇందు కొంత సత్యము లేకపోలేదు. ఆయన తన 24 అంగుళముల కటకమునకు కూడ మూత వేసి, సగము వరకు తగ్గించి చూచుచుండెను. కాలువలను చూచినవాని కన్నులు మంచివి, గాలి మంచిది. చూడలేనివాని గాలి మంచిది కాదు, లేక కన్నులకు సాధన చాలదు. ఇట్టి నియమమొకటి ఏర్పడినపిదప ఓడిపోవుటకు మార్గమే లేదు. అనుకూలమైన సాక్షి వచ్చినను గెలుపే, ప్రతికూలమైన సాక్షి వచ్చినను గెలుపే.

ఇట్టి పని చేయుటకు దుర్బుద్ధి అక్కరలేదు. పరీక్షలో వచ్చిన మార్కుల మొత్తము తాననుకొన్నదానికన్న తక్కువగా ఉన్నచో విద్యార్థి ఏమి చేయును? ప్రతి ప్రశ్నకు వచ్చిన మార్కులను రెండుమార్లు, మూడుమార్లు కూడి చూచును. మొత్తము ఎక్కువగా ఉన్నచో సంతోషించి కాగితమును మడచిపెట్టును. ఆతడు ఏ అంకెను దిద్దలేదు, ఎవరిని మోసగింపలేదు. ఇష్టము లేని లెక్కను పరీక్షించినట్లు ఇష్టమైన లెక్కను పరీక్షింపలేదు, అంతే. తప్పులన్నియు ఒకే ప్రక్కకు పోగుపడుటకు ఇంతమాత్రము చాలును. లోవెల్ బర్నార్డ్ చూపును ఎంత నిశితముగా పరీక్షించెనో తన చూపును అంత నిశితముగా పరీక్షించి ఉండినచో ఈ కథ వేరుగా నడచియుండెడిది.

ఆ పరీక్ష ఆయన యింటిలోనే మొదలైనది. ఆండ్రూ ఎలికాట్ డగ్లస్ లోవెల్‌కు సహాయకుడు. ఫ్లాగ్‌స్టాఫ్ స్థలమును ఎన్నుకొన్నవాడు ఆతడే. కాలువలను తన కన్నులతో చూచి, పటములు గీచినవాడు కూడ. లోవెల్‌కు 1896లో శుక్రగ్రహముపై సయితము బండిచక్రపు ఆకుల వంటి గీతలు కనబడగా లోకము నవ్వినది. శుక్రుని దట్టమైన మేఘములు కప్పియున్నవని, దూరదర్శినిలో ఆ గ్రహపు నేల కనబడదని నేడు తెలియును. కటకమును మిక్కిలి చిన్నదిగా మూసి చూచినందున లోవెల్ తన కంటిలోని రక్తనాళముల నీడలనే చూచెనేమోయని ఇటీవలివారు కొందరు అనుమానించిరి. ఆ మాట నిజమైనచో, ఆయన కోట్ల కిలోమీటర్ల దూరమున వెదకినది ఆయన కనురెప్పల వెనుకనే ఉన్నదన్నమాట!

డగ్లస్‌కు అనుమానము కలిగెను. అతడు గోళములను, బిళ్లలను తయారుచేసి, దూరముగా నిలిపి, గ్రహమును చూచినట్లే దూరదర్శినితో చూచెను. గీతలు గీయనిచోట కూడ కొన్ని గీతలు కనబడుచుండెను. అట్లయినచో ఆకాశమున కనబడిన గీతలమాట ఏమి? 1901లో అతడు లోవెల్ బావగారికి ఒక ఉత్తరము వ్రాసి, లోవెల్ ముందు సిద్ధాంతమును కట్టి పిదప దానికి తగిన ఆధారములను ఏరుచున్నాడని, అది శాస్త్రమార్గము కాదని తన బాధను తెలిపెను. ఆ ఉత్తరము లోవెల్ చేతికి చేరినది. డగ్లస్ ఉద్యోగము పోయినది.

యజమాని నమ్మకమును అనుమానించుట ఒక కష్టము. తాను స్వయముగా గీచిన పటములను అనుమానించుట అంతకన్న పెద్ద కష్టము. డగ్లస్ ఈ రెండింటిని చేసెను. అతని తరువాతి జీవితము వ్యర్థము కాలేదు. చెట్టు మ్రానులోని వలయములను లెక్కించి గతకాలపు వానలను, కరవులను తెలిసికొను విద్యను పెంపొందించెను. 1929లో ఆ విద్యచేతనే అమెరికా ఆదిమవాసుల ప్రాచీన శిథిలగృహముల వయస్సు సంవత్సరముతో సహా తేలినది.

ఇంగ్లండు దేశమునందు గ్రీనిచ్ వేధశాలలో ఎడ్వర్డ్ వాల్టర్ మాండర్ అను శాస్త్రజ్ఞుడుండెను. కాలువలన్నవి కంటి చమత్కారమని ఆయన తలచుచుండెను. తలచుట వేరు, చూపుట వేరు. చూపుటకు ఆయన ఎవరిని సాక్షులుగా పిలిచెనో తెలిసినచో ఈ పాఠము చదువు విద్యార్థులు సంతోషింతురు. ఆయన పండితులను పిలువలేదు. చెంతనున్న రాయల్ హాస్పిటల్ పాఠశాల బాలురను పిలిచెను. ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఎవన్స్ ఆయనకు తోడ్పడెను. 1903లో వారిద్దరు ఆ పరీక్షా ఫలితములను ప్రకటించిరి.

తరగతి గది ముందు గోడకు ఒక గుండ్రని చిత్రమును తగిలించిరి. అందు అంగారకునిపై కనబడునట్టి మచ్చలు, ఛాయలు, అచ్చటచ్చట చిన్న చుక్కలు, వంకరటింకర గుర్తులు గీయబడినవి. కొన్ని చిత్రములలో తిన్నని కాలువ ఒక్కటియు లేదు. బాలురు వేరు వేరు దూరములలో కూర్చుండిరి. అది ఏ గ్రహమో, దానిని గూర్చి ఏమి తగవు నడచుచున్నదో వారికి ఎవరును చెప్పలేదు. కనబడినది కనబడినట్లు గీయుడని మాత్రమే చెప్పిరి.

ముందు వరుసలవారు చుక్కలను చుక్కలుగానే గీచిరి. మిక్కిలి వెనుకనున్నవారికి అవి కనబడనేలేదు. నడిమి వరుసలవారి కాగితములపై మాత్రము గీతలు వెలసినవి! లేని కాలువలను వారు షియాపరెల్లి వలెనే, లోవెల్ వలెనే, చక్కగా గీచి యిచ్చిరి.

మన యిండ్ల ముంగిట ముగ్గు పెట్టువారు ముందు చుక్కలు పెట్టి, పిదప వానిని గీతలతో కలుపుదురు. దూరమున నున్న చుక్కలను చూచునపుడు కన్నే ముగ్గు పెట్టును. ఒక్కొక్క చుక్క విడిగా కనబడనంత చిన్నది, కాని బొత్తిగా మాయమగునంత చిన్నది కాదు. అట్టి సందిగ్ధస్థితిలో కంటికి అందిన అరకొర సమాచారమును మనస్సు తనకు తెలిసిన సులభమైన ఆకారముగా కూర్చును. అన్ని ఆకారములలో సులభమైనది గీత. ఇది రోగము కాదు, అజ్ఞానము కాదు. చీకటిలో మెట్లు దిగునపుడు, చెదపురుగులు తిన్న పుస్తకమును చదువునపుడు మనలను కాపాడునది ఈ శక్తియే. అయితే ఉన్నదానిని పూర్తిచేయు ఆ చేయి లేనిదానిని కూడ పూర్తిచేసి పెట్టును; ఏది ఉన్నదో, ఏది తాను చేర్చినదో వేరుచేసి చెప్పదు.

మాండర్ పరీక్షలో మెచ్చుకొనదగినది ఇదియే. బాలురకు అంగారకునిపై కోరిక ఏదియు లేదు. అచట మనుష్యులుండినను, లేకున్నను వారికి ఒక్కటే. అయినను గీతలు కనబడెను. అనగా గీతను పుట్టించినది కన్ను; ఆ గీతను కాలువగా మార్చి, నీరు పారించి, గట్లపై పచ్చదనము పెంచినది కోరిక. రెండు తప్పులు కలిసి ఒక్కటిగా కనబడుచుండగా, బాలురు ఒకదానినుండి మరియొకదానిని విడదీసి చూపిరి.

లోవెల్ ఈ పరీక్షను చిన్నపిల్లల సిద్ధాంతమని వేళాకోళము చేసెను. ఫ్లామరియోన్ మాత్రము వేళాకోళముతో ఆగలేదు. ఫ్రాన్సులో బాలురను కూర్చుండబెట్టి అటువంటి పరీక్షనే చేయించెను. అతని బాలురు కాలువలు గీయలేదు! మాండర్ తనకు ఇష్టమైన ఫలమును పొందెను, ఫ్లామరియోన్ తనకు ఇష్టమైన ఫలమును పొందెను. మాండర్‌కు కూడ ఒక పూర్వాభిప్రాయము ఉన్న మాటను మరువరాదు. ఒక్క పరీక్షతో తగవు తీరలేదు. తీరకుండుటయే న్యాయము.

ఆ తగవును చాలవరకు తీర్చినవాడు ఒకప్పుడు కాలువల పక్షమువాడే. యూజీన్ ఆంటోనియాడి కాన్‌స్టాంటినోపిల్ నగరమున 1870లో పుట్టెను. ఫ్రాన్సు చేరి, ఫ్లామరియోన్ చెంత సహాయకుడుగా పనిచేసెను. కాలువలతో నిండిన పటములను తాను కూడ గీచెను. 1909లో అంగారకుడు మరల చేరువకాగా పారిస్ చెంతనున్న మ్యూడాన్ వేధశాలలో 83 సెంటీమీటర్ల కటకము గల దూరదర్శిని ఆతనికి లభించెను. సెప్టెంబరు 20వ తేది రాత్రి గాలి అపూర్వముగా నిలచినది. బింబము చెదరలేదు. ఆంటోనియాడి చూచుచుండగా కాలువలు మాయమయ్యెను. అవి ఉండవలసిన చోట చిన్న చిన్న వంకర మచ్చలు, చుక్కలు, నెరసిన ఛాయలు లెక్కకు మించి యుండెను. ఏ మనుష్యుడును వానిని అన్నిటిని గీయజాలడని ఆతనికి తోచినది. ఆతడు తాను మునుపు గీచిన పటములను తానే త్రోసివేసెను.

లోవెల్ తన పటములను త్రోసివేయలేదు. వేధశాల, ధనము, పేరు, గ్రంథములు, 20 సంవత్సరముల రాత్రులు ఆ గీతలపై నిలచియుండెను. గీతలు లేవని ఒప్పుకొన్నచో గీతలతోపాటు అవియన్నియు పోవును. 1916 నవంబరు 12న మరణించువరకు ఆయన అంగారకుని కాలువలను నమ్మినవాడే. ఆయన సమాధి ఆ గుట్టపైననే, వేధశాల ప్రక్కనే కలదు. ఆ వేధశాల చేసిన మేలును కూడ చెప్పక పోరాదు. 1912లో అచటి శాస్త్రజ్ఞుడు వెస్టో స్లిఫర్ దూరపు నీహారికల వేగమును కొలువ మొదలిడెను. విశ్వము విస్తరించుచున్నదను జ్ఞానమునకు ఆ కొలతలే పునాది. 1930లో ప్లూటోను కనుగొన్నది కూడ అచటనే.

పండితులలో చాలమంది విడిచిపెట్టినను కాలువలు ఒక్కసారిగా చావలేదు. 1962లో అమెరికా వైమానిక దళమువారు వేయించిన అంగారకుని పటములో సయితము గీతలు కలవు. 1965 జులై 14, 15 తేదులలో మారినర్-4 అను అంతరిక్షనౌక ఆ గ్రహము ప్రక్కగా దాటిపోవుచు 22 ఛాయాచిత్రములు తీసినది. చిత్రములు అంకెల రూపమున వచ్చెను. యంత్రము వానిని చిత్రముగా మార్చువరకు వేచియుండలేక, అచటి ఇంజనీర్లు అంకెలు అచ్చొత్తిన కాగితపు పట్టీలను గోడకు అంటించి, ఏ అంకెకు ఏ రంగో నిర్ణయించుకొని రంగుసుద్దలతో చేతితో నింపిరి. ఆ చిత్రములలో చంద్రునిపై వలె గుంటలు కనబడెను. కాలువలు లేవు, పచ్చదనము లేదు. గాలి మన గాలిలో నూరవవంతైనను లేదు.

1971లో మారినర్-9 ఆ గ్రహమును చుట్టి తిరుగ మొదలిడి, పిదప ఇంచుమించు నేలనంతటిని చిత్రించెను. లోవెల్ గీతలలో అధికభాగమునకు ఆ నేలపై సరిపోలు గుర్తు ఏదియు లేదు. కాని ఎవరును ఊహింపని 4,000 కిలోమీటర్ల పొడవైన లోయ ఒకటి బయటపడినది. పూర్వమెప్పుడో నీరు పారి ఎండిపోయిన వాగుల జాడలు కూడ కనబడినవి. అవి షియాపరెల్లి గీచిన గీతలు కావు. ఆ దూరమునుండి ఆయనకు కనబడునంతటివి కావు. అయినను ఆయన వాడిన మాటకు గల రెండు అర్థములలో ఒకటి ఆ గ్రహమున నిజమైనది. ఆంధ్రప్రదేశమునందలి శ్రీహరికోట నుండి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయానము 2014 సెప్టెంబరు 24న అంగారకుని కక్ష్యలో ప్రవేశించి, నిండు బింబమును ఒక్క చిత్రముగా తీసి పంపినది. అందు మచ్చలు, మేఘములు, ధూళి కలవు.

మాండర్ చేసిన పరీక్షకు దూరదర్శిని అక్కరలేదు. ఏ పాఠశాలలోనైనను చేయవచ్చును. జానెడు వెడల్పు గల వృత్తమును తెల్లని దళసరి కాగితముపై గీయవలెను. లోపల కొన్ని పలుచని మచ్చలను, ఒక దరి నుండి మరియొక దరికి ఎడమెడముగా, కొంచెము వంకరగా, పెన్సిలు మొనతో సన్నని చుక్కలను పెట్టవలెను. ఎచటను గీత గీయరాదు. ఆ కాగితమును గోడకు తగిలించి, విద్యార్థులను 15 అడుగుల నుండి 60 అడుగుల వరకు వేరు వేరు దూరములలో నిలిపి, కనబడినది కనబడినట్లు గీయుమనవలెను. ఒకరి కాగితమును మరియొకరు చూడరాదు. అది ఏమి చిత్రమో, ఎందులకు గీయించుచున్నారో గీయువారికి ముందుగా చెప్పరాదు.